కూలిన కొబ్బరిచెట్టు బాకీ ఎవరిది?

2018 అక్టోబర్ 11న, ఇంకా తెల్లవారకముందే, తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి కొన్ని గంటల్లోనే శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతపు రూపురేఖలను మార్చేసింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తరతరాలుగా నీడనిచ్చిన కొబ్బరి తోటలు ఒరిగిపోయాయి, జీడిచెట్లు వేళ్లతో సహా పెకలి పడిపోయాయి. వరి పోతే రైతు ఒక పంట నష్టపోతాడు, మరుసటి ఏడాది మళ్లీ నారు పోసుకుంటాడు. కొబ్బరి సంగతి వేరు. నాటిన ఆరేడేళ్లకు గాని అది గెల వేయదు, ఆ తర్వాత యాభై అరవై ఏళ్లు కాపు కాస్తుంది, కాబట్టి తాత నాటిన చెట్టు కాయలను మనవడు దింపించుకోవడం అక్కడ మామూలు విషయం. ఆ రాత్రి ఒక్కో కుటుంబం పోగొట్టుకున్నదానిలో గడిచిన తరాల కష్టమూ ఉంది, రాబోయే తరం బతుకుతెరువూ ఉంది.

ప్రభుత్వ కాగితాల్లో దీనికి ప్రకృతి వైపరీత్యం అని పేరు. ఆ మాట పడిన వెంటనే బాధ్యత అనే ప్రశ్న సద్దుమణుగుతుంది, ఎందుకంటే ప్రకృతి మీద ఎవరూ దావా వేయలేరు. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము దయతో చేసిన సాయంగా మిగులుతుంది. ఒక్క తిత్లీని చూపించి ఇది వాతావరణ మార్పు వల్లే పుట్టిందని చెప్పడం శాస్త్రీయం కాదని నేను ఒప్పుకుంటాను. ఉత్తరాంధ్ర తీరానికి తుపానులు కొత్త కావు. అయితే వేడెక్కిన సముద్రం తుపానుకు అదనపు బలం ఇస్తుందనీ, గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది పట్టి ఉంచగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుందనీ, సముద్ర మట్టం పెరిగినకొద్దీ ఉప్పెన మరింత లోపలికి చొచ్చుకొస్తుందనీ, ఈ వేడికి ప్రధాన కారణం మనుషులు తగలబెట్టిన బొగ్గు, చమురు, సహజవాయువులనీ తెలిసిన తర్వాత, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ చూసిన మనం ఆ పేరును ప్రశ్నించకుండా ఎలా ఉండగలం? తుపానుల నష్టంలో ప్రకృతి వాటా ఎంత, మనుషుల వాటా ఎంత అన్నది లెక్క తేల్చడం కష్టమే. లెక్క కష్టమైనంత మాత్రాన బాకీ లేకుండా పోదు.

మన పల్లెల్లో తప్పునూ నష్టాన్నీ ముడిపెట్టడానికి పాత పద్ధతి ఒకటుండేది. ఒకరి గేదె మరొకరి చేనులో పడి మేస్తే దాన్ని బందెలదొడ్డిలో కట్టేసేవారు. గేదె ఎవరిదో ఊరంతటికీ తెలుసు, మేసిన చేను కళ్ల ముందుంది, జరిమానా కట్టిన తర్వాతే యజమాని తన పశువును విడిపించుకునేవాడు. మనుషుల నీతిబుద్ధి చాలావరకు ఇలాంటి తగాదాల మధ్యే పదును తేలింది. నష్టం చేసినవాడు దగ్గర్లో ఉంటాడు, నష్టపోయినవాడు అతనికి ఎదురుపడతాడు, తప్పుకూ నష్టానికీ మధ్య కాలం పెద్దగా గడవదు. వాతావరణ మార్పులో ఈ మూడు షరతులూ తప్పిపోయాయి. పొగ వదిలినవాడు వేల మైళ్ల అవతల ఉండవచ్చు, ఎప్పుడో చనిపోయి ఉండవచ్చు, ఆ పొగ కోట్లాది మంది పొగతో కలిసిపోయి ఉంటుంది. నష్టపోయినవాడిలో ఇంకా పుట్టనివాడు కూడా ఉంటాడు. అందుకే ఇక్కడ తప్పు ఎవరిదన్న ప్రశ్ననూ, సరిదిద్దవలసింది ఎవరన్న ప్రశ్ననూ విడదీసి చూడాలి. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడడం వల్లే ఈ చర్చ ఏళ్ల తరబడి ముందుకు కదలడం లేదని నా నమ్మకం.

ముందుగా దగ్గరి కాలుష్యాన్ని తీసుకుందాం, ఎందుకంటే అది బందెలదొడ్డి న్యాయానికి దగ్గరగా ఉంటుంది. రణస్థలం మండలంలోని పైడిభీమవరం పారిశ్రామిక వాడ చుట్టుపక్కల ఊళ్లు బావి నీటి గురించి, గెడ్డల (వాగుల) గురించి, తీరంలో తగ్గుతున్న వేట గురించి చాలా ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. ఇలాంటి చోట చట్టం స్పష్టంగానే ఉంది. కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ కేసులోనూ, వెల్లూరు తోళ్ల శుద్ధి పరిశ్రమల కేసులోనూ మన చట్టంలో భాగంగా గుర్తించింది. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలోని 20వ సెక్షన్ దాన్ని అక్షరబద్ధం చేసింది. అయినా నైతిక ప్రశ్న ముగియలేదు. జరిమానా కట్టగల స్తోమత ఉన్న సంస్థ దాన్ని ముడిసరుకు ధరలాగే ఒక ఖర్చుగా లెక్కేసుకుంటే, నిషేధించవలసిన పని డబ్బు చెల్లించి చేసుకోదగిన పనిగా మారిపోతుంది. పైగా పర్యావరణ పరిహారం పేరుతో వసూలయ్యే మొత్తం సాధారణంగా కాలుష్య నియంత్రణ మండలి ఖాతాకు చేరుతుంది. వల ఖాళీగా లాగిన మత్స్యకారుడికి అందులో వాటా దక్కాలంటే తన నష్టాన్ని తానే విడిగా రుజువు చేసుకోవాలి. ప్రయోగశాల ఒకరి చేతిలో, నష్టం మరొకరి నెత్తిన ఉన్నప్పుడు రుజువు చేసే భారాన్ని బాధితుడి మీద పెట్టడం న్యాయమా? 1999లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కేసులో, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల దగ్గర తలపెట్టిన కర్మాగారం విషయమై, సుప్రీంకోర్టు ఈ భారాన్ని తిప్పి పెట్టే దిశగానే ఆలోచించింది. హాని ఉండదని చూపించవలసిన బాధ్యత పరిశ్రమ పెట్టదలచినవారిదేనన్నది ఆ తీర్పు సారాంశం.

దూరపు కాలుష్యానికి వస్తే చిక్కు పెరుగుతుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 పాళ్లు దాటింది. ఈ వాయువులో ఒక భాగం శతాబ్దాల తరబడి గాలిలోనే నిలిచి ఉంటుంది, కాబట్టి ఈ ఏడాది ఎవరెంత వదిలారన్న దానికంటే ఇప్పటిదాకా ఎవరెంత వదిలారన్న దానికే ఎక్కువ బరువుంది. శిలాజ ఇంధనాల నుంచి ఇంతవరకు వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న భారతదేశం వాటా 3, 4 శాతానికి మించదు. ఇప్పటికీ సగటు అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నులు వదిలితే సగటు భారతీయుడు 2 టన్నుల దగ్గర ఉన్నాడు. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం బాధ్యత అందరిదీ అంటూనే అందరికీ సమానం కాదని చెప్పడానికి కారణం ఇదే.

సంపన్న దేశాల తరఫున దీనికొక వాదన ఉంది. మా తాతలకు ఈ హాని సంగతి తెలియదు, తెలియక చేసినదానికి మమ్మల్ని దోషులుగా నిలబెట్టడం తగదని వారంటారు. తెలియక చేసినదాన్ని నేరం అనలేమన్న మాట నిజమే. అయితే ఇప్పటివరకు వెలువడిన శిలాజ ఇంధన కార్బన్‌లో సుమారు సగం 1990 తర్వాతదే, అంటే ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘమైన ఐపీసీసీ తొలి నివేదిక వచ్చి హెచ్చరిక అందరి చేతికీ అందిన తర్వాతదే. మిగిలిన సగం విషయంలో మన ఊళ్ల ఆనవాయితీ నాకు సరిగ్గా తోస్తుంది. తండ్రి ఆస్తి పంచుకున్న కొడుకులు తండ్రి చేసిన అప్పునూ పంచుకుంటారు. అప్పు చేసింది కొడుకు కాదు, అందులో అతని తప్పేమీ లేదు. ఆ అప్పుతో కొన్న పొలం పంటను అతను అనుభవిస్తున్నాడు, అంతే. సంపన్న దేశాల రోడ్లు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు ఆ బొగ్గు మీదే లేచాయి. నేరం మోపకుండానే బాకీ అడగవచ్చు, అడగాలి కూడా.

ఎవరి పొగ దేనికోసం అన్నది మరో ప్రశ్న. వంశధార, నాగావళి ఆయకట్టులో నిలువ నీటిలో పెరిగే వరి మడి నుంచి మీథేన్ వెలువడుతుంది, పశువుల నుంచీ వెలువడుతుంది. 1991లోనే ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ పేదల వరిపొలంలోని మీథేన్‌నూ సంపన్నుల కారు పొగనూ ఒకే తక్కెడలో తూచడాన్ని గట్టిగా అభ్యంతరపెట్టింది. తిండి కోసం వెలువడేదీ విలాసం కోసం వెలువడేదీ ఆకాశంలో ఒకే పని చేస్తాయి గాని, ఆపమని అడిగేటప్పుడు రెండింటినీ ఒకే తీరుగా అడగకూడదు. ఇక్కడ లెక్కలోనే దాగి ఉన్న నైతిక నిర్ణయం ఒకటి ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ గమనించరు. వందేళ్ల కాలాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే ఒక టన్ను మీథేన్ ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పుట్టిస్తుందంటారు. ఇరవై ఏళ్లనే ప్రమాణంగా పెట్టుకుంటే ఆ అంకె 80 రెట్లు దాటుతుంది. మీథేన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది కాబట్టి రెండు అంకెలూ నిజమే. ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టి గార మండలంలోని వరి రైతు చిన్న దోషిగానో పెద్ద దోషిగానో కనిపిస్తాడు, ఆ ఎంపిక చేసే గదిలో మాత్రం అతను ఉండడు.

అలాగని దేశం సగటు వెనుక మనమందరం దాక్కోవడం కూడా న్యాయం కాదు. 2 టన్నులన్నది సగటు మాత్రమే. సీతంపేట కొండల్లో పోడు చేసుకునే సవర కుటుంబాన్నీ, ప్రతి గదికీ ఏసీ, ఇంటికి రెండు కార్లు ఉన్న నగరపు కుటుంబాన్నీ కలిపి తీసిన సగటు. గాలిలో ఇంకెంత కార్బన్‌కు చోటుందో దాన్ని తలకింత అని సమానంగా పంచాలని అంతర్జాతీయ సమావేశాల్లో మనదేశం వాదించింది. అదే కొలమానాన్ని మనింట్లో పెడితే ఆ సవర కుటుంబానికి దక్కవలసిన చోటును మనమే వాడుకుంటున్నామని తేలుతుంది. వంశధార, నాగావళి ఇసుకను అడ్డూ అదుపూ లేకుండా తవ్వుకున్నదీ, గాలిని ఆపే మొగలి పొదలనూ సరుగుడు తోపులనూ నరికి రొయ్యల చెరువులు తవ్వుకున్నదీ దూరదేశాలవారు కాదు. సంపన్న దేశాల నుంచి మనకు రావలసిన బాకీ నిజం, మనలో మనకున్న బాకీ కూడా నిజం. మొదటిదాన్ని అడిగే గొంతుతోనే రెండోదాన్నీ ఒప్పుకోవాలి.

ఇంకా పుట్టనివారి పట్ల బాధ్యత ఎంత అన్న ప్రశ్నకు ఆర్థికవేత్తలు వడ్డీ లెక్కతో జవాబు చెబుతారు. వందేళ్ల తర్వాత జరగబోయే లక్ష రూపాయల నష్టాన్ని తప్పించడానికి ఈరోజు ఎంత ఖర్చు పెట్టవచ్చు? ఏడాదికి 1.4 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే సుమారు 25 వేలు పెట్టవచ్చని లెక్క తేలుతుంది. 5 శాతం చొప్పున తగ్గిస్తే సుమారు 760 రూపాయలు చాలు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ రూపొందించిన నివేదిక మొదటిదానికి దగ్గరి రేటును తీసుకుని వెంటనే పెద్ద ఎత్తున చర్యలు అవసరమంటే, విలియం నార్డ్‌హాస్ వంటివారు అంతకంటే చాలా ఎక్కువ రేటును సమర్థించి నెమ్మదిగా నడవవచ్చన్నారు. రాబోయే తరాలు మనకంటే ధనవంతులుగా ఉంటారన్న ఊహ ఎక్కువ రేటుకు ఒక ఆధారం. వాతావరణమే ఆ ఊహను దెబ్బతీస్తున్నప్పుడు దాని మీద ఎంతవరకు ఆధారపడవచ్చో ఆలోచించాలి. రెండో ఆధారం మరీ బలహీనమైనది: మనిషి ఇప్పటి సుఖాన్ని రేపటి సుఖం కంటే ఎక్కువ కోరుకుంటాడు కాబట్టి రేపటి మనిషికి విలువ తగ్గించవచ్చునన్న వాదన. నా రేపటిని నేను తక్కువ చేసుకోవడం నా ఇష్టం, మరొకరి రేపటిని తక్కువ చేయడానికి నాకు హక్కెక్కడిది? ఉద్దానంలో అరవై ఏళ్లు దాటిన పెద్దమనిషి కొబ్బరి మొక్క నాటి, బిందెతో నీళ్లు మోసి పెంచడాన్ని చిన్నప్పటి నుంచి చూశాను. వడ్డీ లెక్క ప్రకారం అతను చేస్తున్నది నష్టపు బేరం. ఆ బేరం వల్లనే ఆ ప్రాంతానికి ఉద్యానవనమనే అర్థం వచ్చే పేరు నిలిచింది.

కారణమే తెలియనప్పుడు బాధ్యత మాటేమిటి? దీనికి కూడా ఉద్దానాన్నే అడగాలి, ఎందుకంటే అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను ఏళ్ల తరబడి తినేస్తూ వచ్చింది. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం, జన్యు కారణాలు ఇలా ఎన్నింటినో అనుమానించారు, పరీక్షించారు, ఒక్కటీ తిరుగులేని రుజువుగా నిలవలేదు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీల్లో ఇలాంటి వ్యాధే కనిపించినప్పుడు, మండుటెండలో నీళ్లు చాలక గంటల తరబడి చేసే కష్టానికి అందులో భాగముందని పరిశోధకులు గట్టిగా అనుమానించారు. ఆ కోణం ఇక్కడ కూడా ఎంతో కొంత నిజమైతే, పెరుగుతున్న ఎండలు ఈ వ్యాధికి ఆజ్యం పోస్తున్నట్లే. రుజువు దొరికేదాకా ఆగుదామనుకుంటే ఆగినన్నాళ్లూ డయాలసిస్ కుర్చీలు నిండుతూనే ఉంటాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్ల రూపాయల వ్యయంతో ఉద్దానానికి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. నీరే కారణమని ఎవరూ తేల్చకముందే నీరు తెచ్చారు. దోషి పేరు తెలియకుండానే బాధ్యత తీసుకోవచ్చని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఎంతో ఆలస్యంగా వచ్చింది, ఆ ఆలస్యంలో పోయిన ప్రాణాలు తిరిగి రావు, అయినా వచ్చిన దారి సరైనది.

ఇక నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న. ఈ జిల్లాలో దానికి రక్తం చిందింది. సోంపేట బీల అనే చిత్తడి నేలలో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న ప్రజల మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి; అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. వరి, చేపలు, పశువుల మేత, పక్షులు అన్నీ ఇచ్చే చిత్తడి నేల కాగితాల్లో పనికిరాని భూమిగా మారడం నుంచి ఆ దుర్ఘటన మొదలైంది. కొద్ది నెలలకే, 2011 ఫిబ్రవరి 28న, మరో థర్మల్ కేంద్రం విషయంలో కాకరాపల్లి తంపర అనే చిత్తడి భూముల దగ్గర మళ్లీ తుపాకులు పేలాయి. ఆ ఊళ్ల వాళ్లు పోరాడింది ముందుగా తమ నీటి కోసం, తమ వేట కోసం. అయినా ఆ పోరాటం వల్ల బీలలో వెలువడకుండా ఆగిన బొగ్గు పొగ మేలు భూగోళం మొత్తానికీ అందింది, దానికి వారికెవరూ ఏమీ చెల్లించలేదు.

బొగ్గు కాకుండా శుద్ధమైన విద్యుత్తు అయితే ప్రశ్న తీరిపోతుందా? రణస్థలం మండలంలోని కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు ప్రతిపాదించారు. కార్బన్ లెక్కలో అవి బొగ్గు కంటే ఎన్నో రెట్లు మేలు. అయితే ఊరు ఖాళీ చేసి వెళ్లవలసిన మత్స్యకారులకు సముద్రానికి దూరంగా కట్టే ఇల్లు ఇల్లే గాని బతుకు కాదు, ఆ వ్యర్థాలను వేల ఏళ్లు కాపాడవలసిన తరాలను మనం అడగలేదు. ప్రపంచానికి మేలు చేసే పని అయినంత మాత్రాన దాని భారాన్ని కొద్దిమంది నెత్తిన వారి మాట వినకుండా పెట్టవచ్చునని నేను అనుకోను. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో జనం తమ మాట చెప్పవచ్చు, కాదనే అధికారం మాత్రం వారికి లేదు. ఎగువన, ఒడిశాలో, వంశధారకు నీరిచ్చే నియమగిరి కొండల్లో కథ వేరుగా నడిచింది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు గ్రామసభలు కూర్చుని, బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండూ తీర్మానించాయి, తవ్వకం ఆగింది. అటవీ హక్కుల చట్టం అక్కడి డోంగ్రియా కోందు గిరిజనులకు ఇచ్చిన ఆ గొంతు తీరప్రాంత మత్స్యకారుడికి ఏ చట్టమూ ఇవ్వలేదు.

బాకీ వసూలు సంగతి చూద్దాం. పేద దేశాలకు జరిగే నష్టాన్ని పూడ్చడానికి ప్రత్యేక నిధి ఉండాలన్న ఒప్పందం 2022లో ఈజిప్టు సమావేశంలో కుదిరింది. అది బాధ్యత కిందకో, పరిహారం కిందకో రాకుండా సంపన్న దేశాలు జాగ్రత్తపడ్డాయి, ఇచ్చేది స్వచ్ఛంద సాయంగానే ఉంచాయి. తిత్లీ తర్వాత మన రైతుకు అందిన సొమ్ముకు ఏ పేరు పెట్టారో దీనికీ అదే పేరు పెట్టారు. న్యాయస్థానాలు మాత్రం కొంత ముందుకు నడిచాయి. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద హక్కు అని 2024లో మన సుప్రీంకోర్టు అన్నది. 2025 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యతేననీ, దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం వరకు వెళ్లవచ్చుననీ తన సలహా అభిప్రాయంలో తెలిపింది. సలహా కాబట్టి అది ఎవరినీ కట్టిపడేయదు, అయినా బాకీని బాకీ అని పిలిచే మాట ఒక అత్యున్నత స్థానం నుంచి వచ్చింది.

రేపు ఆ సొమ్ము నిజంగానే వచ్చిందనుకుందాం. ఢిల్లీ, అమరావతి, శ్రీకాకుళం కలెక్టరేట్ దాటి అది కవిటిలోని తోట గట్టు దాకా వచ్చేసరికి పట్టాదారు పాస్‌పుస్తకం దగ్గర ఆగుతుంది. చెట్టెక్కి కాయలు దింపే కూలికీ, పీచు వలిచే కుటుంబానికీ, పలాసలో జీడిపిక్కల రసానికి వేళ్లు కాల్చుకుంటూ పప్పు తీసే మహిళకూ ఆ చెట్లు కూలినప్పుడే పని పోయింది, వారి పేరు మీద మాత్రం చెట్టు లేదు. 2019లో రాష్ట్రం చేసిన సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తుంది. ఆ కార్డు కాలపరిమితి 11 నెలలు, దానికి భూయజమాని సంతకం కావాలి. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. ఏ తోట మీద ఎంతమంది ఏయే పనితో బతుకుతున్నారో గ్రామసభలో కూర్చుని ఊరివాళ్లే రాసి పెట్టుకోవడానికి ఏ అంతర్జాతీయ ఒప్పందమూ అక్కరలేదు, తదుపరి తుపాను తీరం దాటకముందే ఆ జాబితా పంచాయతీ కార్యాలయంలో ఉంటే చాలు.